పట్నమున దారి తప్పించబడు పిల్లలు: పంచాయతీల కర్తవ్యము

హైదరాబాదులోని నాంపల్లి రైలు స్టేషను 1907లో ప్రారంభమైనది. ఇది చివరి స్టేషను. ఇచటికి వచ్చిన బండి ముందుకు పోదు. ఇల్లు విడిచి ఆ బండిలో వచ్చిన బాలుడును ఇచటనే దిగవలెను. ఆబిడ్స్ బజారు అక్కడికి నడకదూరములోనే యున్నది. ఏటేటా జనవరిలో మొదలగు నుమాయిష్ కూడ నాంపల్లిలోనే జరుగును. ఇట్టి జనసమ్మర్దములో ఆకలిగొన్న బాలునికి అన్నము పెట్టువాడు ఆదుకొనువాడో, వాడుకొనువాడో తెలియదు.

పిల్లలచే జేబులు కొట్టించుట, సెల్‌ఫోనులు దొంగిలింపజేయుట, గంజాయి పొట్లములు మోయించుట, బిచ్చమెత్తించుట మొదలగునవి పెద్దలు చేయించు నేరములు. లాభము పెద్దవానిది, పట్టుబడునది పిల్లవాడు. తొలుత తిండియు బట్టయు ఇత్తురు. పిదప అది బాకీ యందురు. ఒకసారి తప్పు చేయించిన తరువాత, పోలీసులకు చెప్పెదమని బెదిరింతురు. కావున అట్టి బాలుడు దొంగ యనుటకు ముందు, దోచుకొనబడినవాడని గ్రహింపవలెను.

చట్టము చెప్పునదియు నిదియే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షను ప్రకారము, పిల్లలను నేరమునకు నియోగించినవానికి 3 సంవత్సరములకు తగ్గకుండ 10 సంవత్సరముల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. మత్తుపదార్థముల రవాణాకు, అమ్మకమునకు పిల్లలను వాడినచో, 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద 7 సంవత్సరముల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు కలవు.

గుర్తించుట ఎట్లు?

బాలుడు బడి మానుట, ఇంటివారెరుగని డబ్బో ఫోనో అతనివద్ద కనబడుట, ఊరికి క్రొత్తవాడు పట్నములో పని యని తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చుట, తిరిగి వచ్చిన బాలుడు ఎచట నుండెనో చెప్పుటకు భయపడుట గమనింపదగిన గుర్తులు. ఒక్క గుర్తుతోనే నిందవేయరాదు, నెమ్మదిగా విచారింపవలెను.

ఏమి చేయవలెను?

1. బాలుని కొట్టరాదు, రచ్చబండ వద్ద నిలబెట్టి పదిమందిలో ప్రశ్నింపరాదు.

2. 1098కి ఫోను చేయవలెను. ఇది ఉచితము, రాత్రింబవళ్లు పనిచేయును. ప్రాణభయమున్నచో 112కి చేయవలెను.

3. పిల్లవాడు కనబడకున్నచో, రెండు దినములు చూతమని ఆగరాదు. తప్పిపోయిన పిల్లలపై వచ్చు ఫిర్యాదులను కేసుగా నమోదు చేయవలెనని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఫొటో, ధరించిన బట్టలు, చివరిసారి వెంటనున్నవారి వివరములతో ఠాణాకు వెళ్లవలెను.

4. దిక్కులేక దొరికిన బాలుని విషయము 24 గంటలలోగా పోలీసులకో, జిల్లా బాలల సంక్షేమ సమితికో తెలుపవలెను.

5. సర్పంచి అధ్యక్షతన గల గ్రామ బాలల సంరక్షణ సంఘము సమావేశమైనప్పుడు, బడి మానిన పిల్లల పేర్లను ఉపాధ్యాయునివద్ద తెప్పించుకొని, ఒక్కొక్కరు ఎచట నున్నారో విచారింపవలెను.

బాలుడు ఊరికి తిరిగి వచ్చినంతనే పని ముగియదు. అతనిని మరల బడిలో చేర్చవలెను. ఆ యింటికి అప్పుబాధ యున్నచో, రావలసిన ప్రభుత్వ సహాయమును ఇప్పింపవలెను. "దొంగ" యని ఊరు పిలిచినచో అతడు మరల నాంపల్లి బండి ఎక్కును. పేరు పెట్టి పిలిచి దగ్గరకు తీసినచో ఊరిలోనే నిలుచును. ఈ పని ఏ ఠాణాయు చేయజాలదు, పంచాయతీయే చేయవలెను.