వేడెక్కితే మొండికేసే బండి

పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. అబిడ్స్ దాటేదాకా పంచకల్యాణే. గన్‌ఫౌండ్రీ ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఇరుక్కుందా... టపటపా కొట్టుకుని ఆగిపోతుంది. ఇక ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. చెమటలు కక్కుతూ తోసుకెళ్లి మెకానిక్ ముందు నిలబెడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది! పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్న ఇళ్లలో ఈ బాగోతం కొత్తకాదు.

'ఇంజిన్ బోరుకొచ్చింది సార్' అన్న మాట వినిపించేది సరిగ్గా అప్పుడే.

ఆ మాటకు తొందరపడి తలూపితే నష్టం డబ్బుతో పోదు. 1985లో వచ్చిన ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. (మోజు మాత్రం ఆగలేదు. 2018లో ఏకంగా దీని పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది.) బోరు వేసిన ప్రతిసారీ సిలిండర్ లోపలి గోడను కొంత చెక్కి, పెద్ద పిస్టన్ వేస్తారు. అలా చేయగలిగేది కొన్నిసార్లే. తప్పు కాయిల్‌ది, శిక్ష సిలిండర్‌కి!

గన్‌ఫౌండ్రీకి ఆ పేరు తెచ్చింది 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా, తోప్ కా సాంచా. ఎంత మందు కూరినా సమయానికి నిప్పు అందకపోతే ఫిరంగి ఉత్త గొట్టమే. ఇంజినూ అంతే.

వెనకటి బండ్లలో ఆ నిప్పు బాధ్యత 'పాయింట్ల'ది. ఉప్పుకాగితంతో గీకితే చాలాసార్లు పనయిపోయేది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో గీకడానికేమీ ఉండదు. ఇంజిన్‌తోపాటు తిరిగే అయస్కాంతం వల్ల పుట్టిన కరెంటును సీడీఐ అనే నల్లడబ్బా దాచుకుంటుంది. పల్సర్ కాయిల్ సైగ చేయగానే ఇగ్నిషన్ కాయిల్‌లోకి వదులుతుంది. అక్కడ అది వేల వోల్టులై ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా పడుతుంది.

ఈ కాయిళ్లలో ఉండేది వెంట్రుకలాంటి రాగి తీగ. ఏళ్లు గడిచేకొద్దీ దాని పైపూత పగులుతుంది. వేడికి తీగ సాగి ఎక్కడో సందు పడుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. మెకానిక్ చూసేసరికి బండి చల్లబడి ఉంటుంది కాబట్టి దొంగ దొరకడు. అందుకే ఆగిన చోటే, వేడి మీదే చూడాలి.

డిక్కీలో ఒక స్పేర్ ప్లగ్గు ఉంటే చాలు. ఇంజిన్‌కున్న ప్లగ్గును కదపకుండా క్యాప్ మాత్రం తీసి స్పేర్‌కి తగిలించాలి. దాన్ని ఇంజిన్ లోహానికి ఆనించి కిక్కు కొట్టాలి. చేత్తో పట్టుకోకూడదు, షాక్ కొడుతుంది. పెట్రోలు కారుతుంటే ఈ ప్రయత్నమే వద్దు. నీలంగా చిటపటలాడితే కరెంటు బాగున్నట్టే. పసుప్పచ్చగా, నీరసంగా ఉన్నా, అసలు రాకున్నా లోపం కరెంటుదే.

ముందు ప్లగ్గు, క్యాప్ మార్చి చూడాలి. తాళం దగ్గరి నుంచి సీడీఐకి వెళ్లే ఆఫ్ వైరును విప్పి చూడాలి. అది ఒరిసి బాడీకి తగిలితే తాళం తీసినట్టే! తర్వాత కాయిళ్లను మీటరుతో రెండుసార్లు, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవాలి. వేడిలో అంకె ఎగబాకితే దొంగ దొరికినట్టే. చాలామంది మొదట కొనేసేది సీడీఐనే, మార్చడం తేలిక కదా! నిజానికి దాని వంతు చివర్లో. మామూలు మీటరుకు దాని గుట్టు అందదు. బాగున్న బండిది తెచ్చి తగిలించి చూడాల్సిందే.

వేడి మీద కూడా నిప్పురవ్వ నీలంగానే పడుతోందా? అయితే కార్బురేటర్ జెట్లు, సైలెన్సర్‌లో పేరుకున్న మసి చూడాలి. అవి శుభ్రం చేసినా బండి లాగకపోతే కంప్రెషన్ కొలిపించాలి. బోరు మాట ఆ తర్వాతే.