వార్తల్లో పదం: వార్న్ నోటీసు

అమెరికాలో పెద్దఎత్తున ఉద్యోగాలు తొలగించే ముందు సంస్థ ఇవ్వాల్సిన రాతపూర్వక హెచ్చరికే వార్న్ నోటీసు. 1988 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, 100 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ ఒకచోట యూనిట్ మూసేసి 50 మందిని తొలగించాలంటే 60 రోజుల ముందే ఉద్యోగులకు, రాష్ట్రానికి, స్థానిక ప్రభుత్వానికి తెలపాలి. కాలిఫోర్నియాలోనైతే కార్యకలాపాలను 100 మైళ్లు, ఆపై దూరానికి తరలించినా నోటీసు తప్పదు.

ఏ కార్యాలయంలో, ఎందరు, ఏ తేదీ నుంచి ఉపాధి కోల్పోతారో ఇందులో ఉంటుంది. అందుకే రాష్ట్ర ఆర్థిక వ్యవస్థకు దీన్ని ముందస్తు సూచికగా చూస్తారు. అయితే చిన్న సంస్థల కోతలు, కొత్త నియామకాలు ఇందులో కనిపించవు.

హెచ్-1బి వీసాదారులైన తెలుగువారికి ఒక తేడా ముఖ్యం: మరో ఉద్యోగం చూసుకునేందుకు గరిష్ఠంగా ఉండే 60 రోజుల గడువు నోటీసు అందిన రోజు నుంచి కాదు, ఉద్యోగం ముగిశాకే మొదలవుతుంది.