కాపలా కాదు, తోడు

మతి చెదిరి వీధిన పడ్డ ఆడవాళ్లను చూస్తుంటాం. వైద్యం అందితే చాలామంది కుదుటపడతారు. కానీ సొంతవాళ్లు ఇంటికి రానివ్వకపోతే ఎక్కడికి పోవాలి?

చెన్నైలో 'ది బాన్యన్' అనే సంస్థ ఉంది. బాన్యన్ అంటే మర్రిచెట్టు. 1993లో మొదలైంది. 2015లో ఈ సంస్థ ఒక కొత్త పని చేపట్టింది. పదిమంది మధ్యా మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుంది. ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. వాళ్లకు తోడుగా జీతమిచ్చి సహాయకురాలిని పెడతారు.

ఈ పనికి పెద్ద చదువులే ఉండాలని లేదు. చుట్టుపక్కల ఆడవాళ్లను కూడా తీసుకుని నేర్పిస్తారు. ముఖ్యంగా ఓర్పు కావాలి. సహాయకురాలు వాళ్లతో కలిసి వండుతుంది. మందులు గుర్తుచేస్తుంది. అంగడికి తోడు వెళుతుంది. కసురుకోకూడదు. గదిలో పెట్టి తాళం వేయకూడదు.

ఎందుకంటే ఆ ఇల్లు వాళ్లది. ఆమె వచ్చింది తోడుకు.