సూర్యరశ్మికి గాదె

1905లో శివనసముద్రం నీటిశక్తితో మన బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినవి. ఆనాడు నీరు కరెంటు నిచ్చినది. ఈనాడు మిద్దెమీది సౌరఫలకాల కరెంటుతో నీటిని విడగొట్టి, ఎండను దాచుకొనవచ్చునంటున్నారు.

ఈ మాట నాకు కాలక్షేపం కాదు. మా అమ్మగారికి రాత్రిళ్లు ప్రాణవాయువు యంత్రం నడవాలి. మొన్నటి వానలలో నాలుగురోజులు ముసురు పట్టినది. మిద్దెమీద ఫలకాలున్నా బ్యాటరీ నిండలేదు. అర్ధరాత్రి కరెంటు పోయినది. తెల్లవారేలోగా బ్యాటరీ కూడా అయిపోయినది. పొరుగువారు జనరేటరు వేసి ఆదుకున్నారు.

మన పెద్దలు రోజువారీ బియ్యం వంటింటి డబ్బాలో, ఏడాది ధాన్యం గాదెలో ఉంచేవారు. బ్యాటరీ డబ్బా వంటిది. 100 యూనిట్లు పోస్తే 85, 90 తిరిగి ఇస్తుంది. కాని వారాలకు సరిపడా దాచాలంటే ఎన్ని డబ్బాలు కొనగలం?

గాదె పని ఉదజనిది, అనగా హైడ్రోజనుది. పగలు ముందు బ్యాటరీ నిండుతుంది. మిగిలిన కరెంటు నీటిని ఉదజనిగా, ప్రాణవాయువుగా విడదీస్తుంది. ఉదజనిని ఒత్తిడితో సిలిండర్లలో నింపుతారు. ముసురు రోజులలో అది ఫ్యూయల్ సెల్ అనే సాధనంలో గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మళ్లీ కరెంటు నిస్తుంది. మిగిలేది నీరు, వేడి. అయితే ధాన్యం దంచితే ఊక పోయినట్లు ఇక్కడా తరుగున్నది. 100 యూనిట్లకు 30, 40 మాత్రమే చేతికి వస్తవి.

గుమాస్తాను గనుక లెక్క వేశాను. అమ్మగారి యంత్రం 350 వాట్లది; 8 గంటలకు 2.8 యూనిట్లు. కిలో ఉదజని సుమారు 16 యూనిట్లిస్తుంది, అంటే అయిదు రాత్రులు. దానిని తయారుచేయటానికి 50 యూనిట్లకు పైగా కరెంటు, కనీసం 9 లీటర్ల శుద్ధజలం కావాలి.

2021 డిసెంబరులో ఎన్.టి.పి.సి. వారు విశాఖపట్నం దగ్గరి సింహాద్రిలో తమ అతిథిగృహానికి ఇటువంటి పథకమే ప్రకటించారు. జలాశయంమీద తేలే సౌరఫలకాల కరెంటుతో పగలు ఉదజని తీయటం, సాయంత్రం 5 నుండి ఉదయం 7 వరకు 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ నడపటం వారి ఉద్దేశం. థాయిలాండులోని చియాంగ్ మాయిలో ఒక కుటుంబంవారు 2015లోనే తమ ఇళ్లకు బ్యాటరీలు, ఉదజని రెండూ అమర్చుకున్నారు.

ఉదజనికి రంగు, వాసన లేవు. గాలిలో నూటికి 4 పాళ్లు కలిసినా నిప్పు అంటుకోగలదు. కనుక ఇరుకు వాటాలలో పెట్టరాదు. బాగా గాలి ఆడే చోటు, తెలిసిన మనిషి ఉండే ఆసుపత్రులకు, హాస్టళ్లకు అది తగును.

నా మట్టుకు నేను అమ్మగారి యంత్రానికే 5 యూనిట్ల బ్యాటరీ వేరుగా పెట్టించాను. ఫ్రిజ్జు, టీవీ దాని జోలికి రావు. డాక్టరుగారి సలహాపై ఒక ప్రాణవాయువు సిలిండరు కూడా తెచ్చి ఉంచాను. ఇంట్లో ఇటువంటి రోగులున్న మనవారు వానలు రాకముందే ఈపాటి లెక్క వేసుకొనవలెనని నా మనవి. గాదె వచ్చేలోపల డబ్బా ఖాళీ కారాదు.