ఊపిరి నెమ్మదిస్తే వయసు నెమ్మదిస్తుందా?

మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నెమ్మదిగా గాలి పీల్చండి, అంతకంటే నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త చురుకవుతుంది, వదిలేటప్పుడు మందగిస్తుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నరం చేసే పని ఇది. ఆ నరం గుండెకు కళ్లెం. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరుకు దించితే కళ్లెం బాగా బిగుస్తుంది. ఇటలీ వైద్యుడు లుసియానో బెర్నార్డి బృందం 2001లో 23 మంది చేత ఒకసారి క్రైస్తవుల జపమాల ప్రార్థన, మరోసారి ‘ఓం మణి పద్మే’ మంత్రం చెప్పించి చూసింది. రెండు సందర్భాల్లోనూ ఊపిరి దాదాపు నిమిషానికి ఆరుకు దిగింది, రక్తపోటు హెచ్చుతగ్గులను గుండె సర్దుకునే తీరు మెరుగైంది. ఏ దేవుణ్ని తలచినా ఊపిరి లెక్క ఒకటే అయిందన్నమాట! ఇంతవరకూ పేచీ లేదు. ఈ క్షణకాలపు నెమ్మదిని పట్టుకుని ‘పదేళ్లు చిన్నవాళ్లవుతారు’ అని ప్రచారం చేసేటప్పుడే అడగాల్సినవి ఉన్నాయి.

నాడికీ వయసుకూ మధ్య వంతెన హార్మోన్లు. బెదురు పుట్టగానే మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది, అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చెబుతుంది, అవి కార్టిసాల్ విడుదల చేస్తాయి. కార్టిసాల్ మన శత్రువేమీ కాదు. పొద్దున్నే మనల్ని పక్క మీంచి లేపి నడిపించేది అదే. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అడుగంటడం దాని సహజ లయ. అప్పులూ ఆఫీసు గొడవలూ ఇంట్లో జబ్బులూ ఆ అలను రాత్రికి కూడా దిగనివ్వకపోతేనే చిక్కు. నిద్ర చెడుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. ఇవన్నీ ముసలితనపు లక్షణాలే. కాబట్టి ఊపిరి సాధనో ధ్యానమో వయసును వెనక్కి తిప్పుతుందనడం కన్నా, ఒత్తిడి మన మీద వేసే అదనపు వయసును కొంత తగ్గించవచ్చనడం న్యాయం. ఈ రెండు మాటల మధ్య దూరం చాలా ఉంది.

ఆ ‘అదనపు వయసు’ను కణంలో చూపించింది 2004 నాటి ఒక పరిశోధన. క్రోమోజోముల కొసల్లో టెలొమియర్లనే తొడుగులుంటాయి. కణం విడిపోయిన ప్రతిసారీ అవి కాస్త అరుగుతాయి, టెలొమెరేజ్ అనే ఎంజైము ఆ అరుగుదలను పూరిస్తుంది. ఎలిసా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ (2009 నోబెల్ గ్రహీతల్లో ఒకరు) 58 మంది తల్లులను పరీక్షించారు. వాళ్లలో 39 మంది దీర్ఘకాలిక జబ్బుతో ఉన్న బిడ్డల్ని సాకుతున్నారు. అందరికన్నా ఎక్కువ ఒత్తిడిలో ఉన్నామన్నవాళ్ల టెలొమియర్లు తక్కువ ఒత్తిడి ఉన్నవాళ్ల కంటే పొట్టిగా ఉన్నాయి. ఆ తేడా కనీసం పదేళ్ల వయసుతో సమానం. మరి ధ్యానం దీన్ని ఆపుతుందా? కొలరాడో కొండల్లో మూడు నెలలపాటు రోజుకు ఆరేడు గంటలు ధ్యానం చేసిన 30 మందిలో, వంతు కోసం ఎదురుచూస్తున్న మరో 30 మంది కంటే టెలొమెరేజ్ చురుకుదనం మూడోవంతు ఎక్కువగా ఉందని 2011లో ప్రకటించారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. అయితే ఎంజైమును శిబిరం చివర్లో మాత్రమే కొలిచారు. మొదట్లో ఎంత ఉండేదో తెలియకుండా పెరిగిందని ఎలా అంటాం? పైగా ఎంజైము చురుకుగా ఉన్నంత మాత్రాన తొడుగు పొడవు పెరిగినట్టు కాదు. ఆ ఎంజైము అతిగా పనిచేయడం చాలా క్యాన్సర్ కణాల లక్షణం కూడా.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 12 వారాల యోగ, ధ్యానాల తర్వాత 96 మందిలో కార్టిసాల్, టెలొమెరేజ్ మంచి దిశలో మారాయని 2017లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు చెప్పారు. అయితే పోల్చిచూడటానికి సాధన చేయని బృందమంటూ అందులో లేదు. 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి 2014లో ఒక అమెరికా సమీక్ష తేల్చింది ఇది: ఆందోళన, దిగులు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతాయి. మందులకన్నా, వ్యాయామంకన్నా ధ్యానం మిన్న అనడానికి ఆధారం లేదు. వేల ఏళ్లుగా మన పెద్దలు చేస్తున్నదానికి ల్యాబ్ ముద్ర ఎందుకని కొందరంటారు. ‘హార్మోన్లు’, ‘టెలొమియర్లు’ అనే మాటలు అరువు తెచ్చుకున్నాక వాటి లెక్కలూ ఒప్పుకోవాలి మరి. మనశ్శాంతి కోసమైతే ముద్రతో పనేముంది? ఆ ప్రయోజనం చిన్నదీ కాదు. ఖర్చు లేదు, నష్టమూ తక్కువే. ఒకటే షరతు, థైరాయిడ్, షుగరు, బీపీ మాత్రల్ని ధ్యానం చేస్తున్నామని మానేయకూడదు.

ఆ 2004 పరిశోధనలో సంగతి ఇంకొకటుంది. జబ్బుపడ్డ బిడ్డను సాకుతున్న ఏళ్లు పెరిగేకొద్దీ తల్లి టెలొమియర్లు కురచగా కనిపించాయి. అలాంటి తల్లికి ‘రోజూ గంటసేపు ధ్యానం చెయ్యమ్మా’ అని సలహా ఇచ్చేవాళ్లు, ఆ గంటసేపూ బిడ్డను ఎవరు చూస్తారో కూడా చెప్పాలి.