కడలికి కావలి

సముద్రమునకు కావలి కాయు కార్యాలయము హైదరాబాదున కలదనిన మీలో కొందఱు నవ్వుదురేమో. అచ్చట చెరువులున్నవి గాని కెరటము లేదు. అయినను 1999వ సంవత్సరమున స్థాపింపబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము అచ్చటనే యున్నది. ఇన్‌కాయిస్ అని వాడుక పేరు.

1977లో దివిసీమను ముంచిన ఉప్పెన గాలివాన తెచ్చినది. సునామీ యట్లు కాదు. సాధారణముగా భూకంపము తెచ్చునది. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆఱున్నరకు సుమత్రా దీవి చెంత సముద్రపు టడుగునేల పైకి లేచెను. దానిపై నున్న నీరంతయు కదలెను. లోతునీట ఆ కదలిక గంటకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు పరుగెత్తును. ఎత్తు మాత్రము స్వల్పము గనుక నడిసముద్రమున పడవవానికి తెలియనే తెలియదు. ఒడ్డు చేరువైన కొలది వేగము తగ్గి, వెనుకటి నీరు ముందటి నీటిపై కెక్కి గోడవలె లేచును. మన తీరము చేరుటకు దానికి రెండు గంటలకు పైగా పట్టెను. కబురు చెప్పు ఏర్పాటు లేకపోయెను. దేశమున పదివేలకు పైగా జనులు మడిసిరి. నన్ను బాధించునది ఆ రెండు గంటలే.

2007 అక్టోబరులో ఈ కేంద్రమున సునామీ హెచ్చరిక విభాగమును నెలకొల్పిరి. భూకంపము పుట్టిన చోటును, బలమును నిమిషములలో తెలిసికొందురు. అంతటితో చాలదు. 2012 ఏప్రిలు 11న సుమత్రా ప్రక్కనే 8.6 పరిమాణముగల కంపము పుట్టినను, నేల ప్రక్కకు జరుగుటచే పెద్ద కెరటము రాలేదు. కంపమును మాత్రమే నమ్మి జనులను మాటిమాటికి పరుగులెత్తించినచో, నిజమైన నాడు ఎవరును కదలరు. అందుచే సముద్రగర్భమున పీడనమాపకముల నుంచిరి. అవి తమ నెత్తిన నున్న నీటి బరువులోని స్వల్పభేదమును పసికట్టును. పైన తేలెడి సాధనము ఆ వార్తను ఉపగ్రహము ద్వారా హైదరాబాదునకు పంపును.

చేపల జాడయు ఇచ్చటివారు చెప్పుదురు. ఉపగ్రహములు పైనీటి వేడిమిని, రంగును కనిపెట్టును. పచ్చదనమున్నచోట కంటికానని నాచు, దానిని మేయు చిన్న జీవులు, వాటికై చేపలు. ఏ రేవునుండి ఏ దిక్కున, ఎంత దూరమున వల వేయవచ్చునో తెలుగుననే తెలుపుదురు. మబ్బు కమ్మిన దినమున మాత్రము ఆ కంటికి చూపానదు.

విదేశీయులును వచ్చి ఇచ్చట సముద్రశాస్త్రము నభ్యసించుచున్నారు. నేనో, సముద్రమునకు పర్యాయపదములు పిల్లలచే ఏండ్ల తరబడి వల్లె వేయించితిని. నీటి నడక నొక్కనాడును చెప్పనైతిని.

తీరగ్రామముల పెద్దలకు ఒక్క మాట. భూమి గట్టిగా కంపించినను, సముద్రము హఠాత్తుగా వెనుకకు పోయినను కబురుకై చూడక పిల్లలతో మెరకకు పొండు. మొదటి కెరటము తీసినంతనే ఇండ్లకు మరలకుడు. తరువాతిది అంతకన్న పెద్దది కావచ్చును.