సంగటి ముద్దలో రాగి ఎంత? ఆహార సర్వే ప్రాజెక్టులో లెక్క కట్టే విధానం

ఆహారం, పోషణ సబ్జెక్టులో ప్రాజెక్టు చేసే విద్యార్థికి ప్రశ్నావళి నింపడం అంత కష్టమైన పని కాదు. నింపిన ప్రశ్నావళిని పోషకాల లెక్కగా మార్చే దశలోనే పని ఆగిపోతుంది. అనంతపురం ప్రాంతపు ఉదాహరణతో ఆ దశను పరిశీలిద్దాం.

ముందుగా ప్రశ్నను కుదించుకోవాలి. ‘అనంతపురం జిల్లా మహిళల పోషక స్థితి’ అనే అంశం ఒక పరిశోధక బృందానికి తగినది. ఉద్యోగమో సేద్యమో చేసుకుంటూ చదివే ఒక్క విద్యార్థి దాన్ని పూర్తి చేయలేరు. ‘ఒక గ్రామంలో 30 మంది వ్యవసాయ కూలి మహిళలకు ఆహారం ద్వారా రోజుకు ఎంత కాల్షియం అందుతోంది?’ అన్నది చేయగలిగిన ప్రశ్న. దీనికి 24 గంటల ఆహార స్మరణ పద్ధతి సరిపోతుంది. అంటే, గడిచిన 24 గంటల్లో ఏమి తిన్నారో, ఏమి తాగారో వరుసగా అడిగి రాసుకోవడం. ఒక్కొక్కరినీ వేర్వేరుగా రెండు రోజులు అడగండి. ‘పాలు తాగారా?’ అంటే మొహమాటానికి తాగామని చెప్పవచ్చు. ‘ఆ తర్వాత ఏం తీసుకున్నారు?’ అని అడగడం మేలు.

ఇక అసలు చిక్కు. ఆమె ‘మధ్యాహ్నం ఒక ముద్ద సంగటి, ఊరిబిండి’ అని చెబుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక విలువల పట్టికల్లో ‘సంగటి’ కనిపించదు. అందులో ముడి ధాన్యం విలువలు ఉంటాయి: 100 గ్రాముల రాగుల్లో 364 మి.గ్రా. కాల్షియం, అంతే పాలిష్ బియ్యంలో సుమారు 7.5 మి.గ్రా. మన పల్లెల్లో సంగటికి సాధారణంగా బియ్యం ఉడికించి, అందులో రాగిపిండి పోసి కెలుకుతారు. ఆ పాళ్లు ఇంటింటికీ మారతాయి.

ఒక ఇంట్లో 200 గ్రాముల బియ్యం, 200 గ్రాముల రాగిపిండితో వండిన సంగటి 1,600 గ్రాములు తూగిందనుకుందాం. 400 గ్రాముల ముద్ద అందులో నాలుగో వంతు. అంటే 50 గ్రాముల బియ్యం, 50 గ్రాముల రాగిపిండి. కాల్షియం సుమారు 186 మి.గ్రా. మొత్తం రాగిపిండే అని పొరపాటుగా లెక్కిస్తే 364 వస్తుంది. రోజుకు రెండు ముద్దలు తినే స్త్రీకి 372 కాస్తా 728 అవుతుంది. 2020 సిఫారసుల ప్రకారం వయోజనులకు రోజుకు 1,000 మి.గ్రా. కావాలి. నిజంగా కాల్షియం కొరత ఉన్న మనిషి మన కాగితంపై కాస్త లోటు మాత్రమే ఉన్నట్టు కనిపిస్తుంది!

అందుకే వంట వేళకు ఇంటివారి అనుమతితో ఐదారు ఇళ్లకు వంటింటి త్రాసు తీసుకెళ్లండి. బియ్యం, పిండి విడివిడిగా తూచండి. ఖాళీ గిన్నెను, వండిన తర్వాత గిన్నెను, ఒక ముద్దను తూచండి. మిగతా ఇళ్లలో ఎన్ని గ్లాసులు పోస్తారో అడిగి, ఆ గ్లాసు కొలతనే గ్రాముల్లోకి మార్చుకోండి.

సర్వే చేసే నెల కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఏటా సగటున 550 మి.మీ. వరకే వర్షం పడే ఈ ప్రాంతంలో వేరుశనగ ప్రధానంగా ఖరీఫ్ పంట. కాయలు ఇంటికి చేరిన రోజుల్లో తినే తిండి వేరు, ఎండాకాలపు తిండి వేరు. కరువు ఏడాదిలో కూలి కోసం బెంగళూరు వైపు వెళ్లినవారు మీ ప్రశ్నావళిలోకి రానే రారు.

పోల్చడానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) జిల్లా అంకెలు వాడుతున్నారా? శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కాబట్టి ఆ సర్వేలోని ‘అనంతపురం’లో హిందూపురం, కదిరి, ధర్మవరం కూడా కలిసే ఉన్నాయి. ఈ సంగతి నివేదికలో ఒక వాక్యంలో రాయాలి.

సర్వే చేసిన నెల, తూచిన ఇళ్ల సంఖ్య, సంగటి పాళ్లు పద్ధతుల అధ్యాయంలోనే చూపండి. 30 మంది సగటును జిల్లా మొత్తానికి ఆపాదించకండి. పేర్లకు బదులు సంకేత సంఖ్యలు వేయండి. తూకాలు రాసుకున్న కాగితాలను మూల్యాంకనం ముగిసేవరకు దాచి ఉంచండి.